అమ్మమ్మ పాటను ఏ ఫైలులో దాచుకోవాలి?



మన విచారణలలో చాలా ఇళ్ళలో అటక మీద ఒక ఇనుపపెట్టె ఉంటుంది. దాన్ని దించి తెరిస్తే పట్టుచీరల అడుగున, పాత జ్ఞానస్నాన పత్రాల పక్కన, రబ్బరుబ్యాండు వేసిన నాలుగైదు టేపు క్యాసెట్లు కనిపిస్తాయి. ఒకదాని మీద "క్రిస్మస్ పాటలు, 1987" అని బాల్‌పెన్నుతో వ్రాసి ఉంటుంది. మరొకదాని మీద "అమ్మమ్మ జపమాల" అని ఉంటుంది. ఇంకొకదాని మీద ఏమీ ఉండదు. అందులో ఏముందో ఇంట్లో ఒక్కరికే తెలుసు, ఆ ఒక్కరికీ ఇప్పుడు ఎనభై ఏళ్ళు.

ఆ క్యాసెట్టును ఆడించే టేపురికార్డరు మాత్రం ఇంట్లో ఉండదు. ఉన్నా దాని బెల్టు సాగిపోయి ఉంటుంది. అందుచేత పండుగకు పిల్లలందరూ ఇంటికి చేరినప్పుడు ఎవరో ఒకరు "దీన్ని కంప్యూటరులోకి ఎక్కించుకుందాం" అంటారు. ఆ మాట మంచిదే. అయితే ఎక్కించేటప్పుడు ఏ రకం ఫైలుగా ఎక్కించాలన్న ప్రశ్న ఒకటుంది. దుకాణంలో కుర్రవాడు "ఎంపీత్రీ చేసి పెన్‌డ్రైవులో వేసి ఇస్తానండి" అంటాడు, మనం "సరే బాబూ" అంటాం. పెన్‌డ్రైవు చేతికి వచ్చాక క్యాసెట్టును చెత్తబుట్టలో వేసేవారూ ఉన్నారు. అసలు నష్టం అక్కడే జరుగుతుంది. పాత టేపు మరొక్కసారి మాత్రమే బాగా ఆడవచ్చు. ఆ ఒక్కసారి దాన్ని ఏ రూపంలో పట్టుకున్నామో, మనవలకూ మునిమనవలకూ దక్కేది అదే. కనుక ఈ వారం ధ్వని ఫైళ్ళ గూర్చి కాస్త నింపాదిగా నేర్చుకుందాం. ఇందులో బెదిరిపోవలసిన లెక్కలేవీ లేవు. గుణకారం వస్తే చాలు.

ధ్వని అంకెలుగా ఎలా మారుతుంది?

గొంతు నుంచి వచ్చేది గాలిలో ఒక కదలిక. క్యాసెట్టులో ఆ కదలిక టేపు మీది సన్నని అయస్కాంతపు పొడిలో గుర్తుగా పడి ఉంటుంది. కంప్యూటరుకు అటువంటి గుర్తు తెలియదు, అంకెలే తెలుసు. అందుచేత అది ఒక్కొక్క సెకనులో వేలాదిసార్లు ఆ కదలిక ఎత్తు ఎంత ఉందో కొలిచి, ఆ కొలతను అంకెగా వ్రాసుకుంటుంది. తిరిగి వినిపించేటప్పుడు ఆ అంకెలను బట్టి స్పీకరును కదిలిస్తుంది.

ఇక్కడ రెండు విషయాలు ముఖ్యం. సెకనుకు ఎన్నిసార్లు కొలిచాం అన్నది మొదటిది. మనిషి చెవి వినగలిగే అతి సన్నని ధ్వని సెకనుకు సుమారు 20,000 కంపనాలు. ఒక ధ్వనిని పూర్తిగా పట్టుకోవాలంటే దాని కంపనాలకు రెట్టింపు కంటె ఎక్కువసార్లు కొలవాలన్నది శాస్త్రం. 1982లో సోనీ, ఫిలిప్స్ కంపెనీల సీడీలు బజారులోకి వచ్చినప్పుడు సెకనుకు 44,100 కొలతలు అని నిర్ణయించటానికి ఆధారం ఇదే. ఒక్కొక్క కొలతను ఎంత సూక్ష్మంగా వ్రాశాం అన్నది రెండవది. సీడీలో ఒక కొలతకు 16 బిట్లు, అంటే 65,536 మెట్లు. 24 బిట్లు తీసుకుంటే మెట్లు కోటీ అరవై ఏడు లక్షలు దాటుతాయి. బట్టలకొట్టులో గజంబద్దతో కొలవటానికీ, కంసాలి త్రాసులో తూచటానికీ ఎంత తేడా ఉందో ఇక్కడా అంతే తేడా.

ఇప్పుడు గుణించండి. 44,100 కొలతలు, ఒక్కొక్కటి 16 బిట్లు, కుడి ఎడమలకు రెండు వరుసలు. సెకనుకు 14,11,200 బిట్లు. నిమిషానికి సుమారు పదిన్నర మెగాబైట్లు, గంటకు సుమారు 635 మెగాబైట్లు. ఈ రోజున ఇది పెద్ద సంఖ్య కాదు, చేతిలోని ఫోనులో ఇటువంటి గంటలు ఎన్నో పడతాయి. కాని ముప్పై ఏళ్ళ క్రితం టెలిఫోను తీగ గుండా ఒక పాట పంపాలంటే, కంప్యూటరు డిస్కులో నాలుగు పాటలు దాచుకోవాలంటే ఇది మోయలేని బరువు. ఆ బరువును దించటానికే రకరకాల ఫైళ్ళు పుట్టాయి.

మడత పెట్టిన చీర, కాచిన కోవా

ధ్వని ఫైళ్ళ పేర్లు చాలా ఉన్నా జాతులు మూడే.

కొలిచిన అంకెలన్నింటినీ ఉన్నవి ఉన్నట్లు వ్రాసి పెట్టుకునేవి మొదటి జాతి. 1991లో మైక్రోసాఫ్ట్, ఐ.బి.ఎం. కలిసి తెచ్చిన వేవ్ ఫైలు, అంతకు ముందు 1988లో ఆపిల్ తెచ్చిన ఎ.ఐ.ఎఫ్.ఎఫ్. ఫైలు ఈ జాతివి. బరువు ఎక్కువ, నష్టం లేదు.

రెండవ జాతి మడత పెట్టేవి. ఆరు గజాల వెంకటగిరి చీరను మడిచి పెట్టెలో పెడితే తక్కువ చోటులో ఇముడుతుంది. విప్పితే ఒక్క పోగు కూడా తగ్గకుండా అదే చీర. ఫ్లాక్ ఫైలు, ఆపిల్ వారి అలాక్ ఫైలు ఇలాంటివి. వీటిలో పాట సుమారు సగం చోటులోనో, కాస్త ఎక్కువలోనో ఇముడుతుంది. విప్పినప్పుడు మొదటి అంకెలే, ఒక్కటీ మారకుండా తిరిగి వస్తాయి.

మూడవ జాతి కోవా వంటిది. నాలుగు లీటర్ల పాలను కాచి కోవా చేస్తే గిన్నె చిన్నదవుతుంది, రుచీ బాగుంటుంది. కాని ఆ కోవాలో ఎన్ని నీళ్ళు పోసినా మళ్ళీ ఆ పాలు రావు. ఎంపీత్రీ, ఎ.ఎ.సి., ఓపస్ ఈ జాతి ఫైళ్ళు. చెవికి పెద్దగా తెలియదనుకున్న భాగాన్ని అవి శాశ్వతంగా పారవేస్తాయి.

మా ఎంపీత్రీని వేవ్ ఫైలుగా మార్చి ఇమ్మని అడిగే వారుంటారు. అలా మారిస్తే ఫైలు పదిరెట్లు లావవుతుంది, ధ్వని మాత్రం రవ్వంత కూడా మెరుగుపడదు. అది కోవాలో నీళ్ళు పోయటమే. ఎవరైనా ఆ పనికి డబ్బు అడిగితే ఇవ్వకండి.

ఎంపీత్రీ ఏం పారవేస్తుంది?

ఈ విషయం తెలుసుకోవటం సరదాగానూ ఉంటుంది, మన అమ్మమ్మ పాటకు అవసరమూను.

గుడిగంట గణగణ మోగుతున్నప్పుడు పక్కవారు గుసగుసగా చెప్పిన మాట మీకు వినపడదు. ఆ గుసగుస గాలిలో ఉంది, చెవిలోనూ పడింది, అయినా మనసుకు అందలేదు. పెద్ద ధ్వని తనకు దగ్గరగా ఉన్న చిన్న ధ్వనిని కప్పివేస్తుంది. జర్మనీలో ఎర్లాంగెన్ నగరంలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైంట్స్ బ్రాండెన్‌బర్గ్, ఆయన తోటివారు ఈ సంగతి మీదనే తమ పని సాగించారు. ఎలాగూ వినపడని దాన్ని వ్రాసుకోవటం ఎందుకన్నది వారి ఆలోచన. వారి పద్ధతి 1990ల మొదట్లో అంతర్జాతీయ ప్రమాణంలో చేరింది. ఫైలు పేరు చివర ఎంపీత్రీ అన్న తోకను 1995 జూలైలో ఖాయం చేసుకున్నారు.

బ్రాండెన్‌బర్గ్ తన పద్ధతిని పరీక్షించటానికి వాడిన పాటలలో ఒకటి అమెరికా గాయని సూజన్ వేగా పాడిన టామ్స్ డైనర్. అందులో వాయిద్యం ఏదీ లేదు, ఒక్క ఆడగొంతు మాత్రమే. పెద్ద వాయిద్యాలున్న సంగీతాన్ని బాగానే దాచిన ఆ పద్ధతి, ఈ ఒంటరి గొంతు దగ్గరకు వచ్చేసరికి దాన్ని వికృతం చేసిందట. కారణం ఊహించండి. కప్పటానికి గంట మోగటం లేదు కదా! హార్మోనియం లేదు, డోలక్ లేదు. గొంతులోని ప్రతి బొంగురు, ప్రతి ఊపిరి బయటనే ఉంది. ఏది పారవేసినా తెలిసిపోతుంది. ఆయన ఆ పాటను మళ్ళీ మళ్ళీ వింటూ తన పద్ధతిని సరిచేసుకున్నారు.

మన పెట్టెలోని క్యాసెట్టు సరిగ్గా అటువంటిదే. అమ్మమ్మ వంటింట్లో కూర్చుని ఒంటరిగా పాడిన పాట, తాతయ్య చదివిన ప్రార్థన, ఉపదేశిగారు పల్లెలో పిల్లలకు నేర్పిన పద్యం. వాయిద్యం చాటు లేని గొంతులు. వీటిని బాగా నలగ్గొట్టి తక్కువ అంకెల ఎంపీత్రీగా చేస్తే నీటి అడుగు నుంచి వచ్చినట్లు, రేకుడబ్బాలో నుంచి వచ్చినట్లు ఉంటుంది. దానికి తోడు టేపుకు సహజమైన ఆ 'స్స్' అనే రొద ఉంటుంది. క్రమం లేని రొదను కుదించటం ఏ పద్ధతికైనా కష్టమే. ఉన్న కొద్ది బిట్లలో కొంత ఆ రొదకే ఖర్చయిపోతుంది, గొంతుకు మిగిలేది తక్కువ. బజారులో కొన్న సినిమా పాటకు చెల్లిన లెక్క ఇంటి క్యాసెట్టుకు చెల్లదని నేను చెప్పేది ఇందుకే.

అలాగని ఎంపీత్రీని తిట్టటం నా ఉద్దేశం కాదు. సెకనుకు 192 వేల బిట్లు, ఆ పైన ఉంటే వినటానికి హాయిగా ఉంటుంది. 320 వేల ఎంపీత్రీకీ సీడీకీ తేడా చెప్పమంటే చాలామంది చెప్పలేరు. నమ్మకం లేకపోతే ఇంట్లోనే పరీక్ష పెట్టుకోండి. ఏది ఏదో చెప్పకుండా మీ అబ్బాయినో అమ్మాయినో రెండూ పదిసార్లు మార్చి మార్చి వినిపించమనండి. 2017లో ఎంపీత్రీ మీద ఫ్రాన్‌హోఫర్ వారి లైసెన్సు రుసుము ముగిసింది. అప్పుడు "ఎంపీత్రీ చచ్చిపోయింది" అని కొన్ని పత్రికలు వ్రాశాయి. నిజానికి అది ఆనాటి నుంచి అందరికీ ఉచితమైంది. ఈ రోజుకూ కారులో, పాత ఫోనులో, చిన్న రేడియో పెట్టెలో, ఎక్కడ పెట్టినా ఆడే ఫైలు అదే. పంచిపెట్టటానికి దాన్ని మించినది లేదు. దాచిపెట్టటానికి మాత్రం పనికిరాదు.

ఎందుకంటే దాచిపెట్టిన దాన్ని రేపు ఎవరో మళ్ళీ కత్తిరిస్తారు, రొద తగ్గిస్తారు, వీడియోకు జతచేస్తారు, ఇంటర్నెట్టులో పెడతారు. యూట్యూబు వంటివి తమకు వచ్చిన ధ్వనిని తమ పద్ధతిలో మళ్ళీ కుదిస్తాయి. కోవా మీద కోవా. జిరాక్సుకు జిరాక్సు, దానికి మరో జిరాక్సు తీసినట్లు నాలుగో చేతికి వచ్చేసరికి అక్షరాలు అలుక్కుపోతాయి. అసలు పత్రం పెట్టెలో భద్రంగా ఉంటే ఎన్నిసార్లయినా మొదటి జిరాక్సు తీసుకోవచ్చు.

మరి ఏది ఎంచుకోవాలి?

దాచటానికి ఫ్లాక్ ఎంచుకోండి. వేవ్ ఎంచుకున్నా తప్పు లేదు. ఒకదాన్నుంచి మరొకదానిలోకి ఎప్పుడైనా నష్టం లేకుండా మార్చుకోవచ్చు కనుక దీని మీద తగవు అక్కరలేదు. అయినా కుటుంబాలకు నేను ఫ్లాక్‌నే చెబుతాను. దాన్ని 2001లో జాష్ కోల్సన్ అనే ఆయన విడుదల చేశారు. దాని తయారీ విధానం అందరికీ బహిరంగం. 2024 డిసెంబరులో ఇంటర్నెట్టు ప్రమాణాల సంఘం దాన్ని వ్రాతపూర్వకమైన ప్రమాణంగా ప్రకటించింది. ఒక కంపెనీ మూతపడితే దానితోపాటు మూతపడే ఫైలు కాదన్నమాట. 1990లలో ఇంటర్నెట్టులో ఎక్కడ చూసినా కనిపించిన రియల్ ఆడియో ఫైళ్ళు ఇప్పుడు తెరవటం ఎంత కష్టమో ప్రయత్నించినవారిని అడగండి.

ఫ్లాక్‌లో మరొక మేలు ఉంది. అసలు ధ్వని మొత్తానికి ఒక ముద్ర లెక్కగట్టి ఆ ఫైలులోనే పెట్టుకుంటుంది. పదేళ్ళ తరువాత డిస్కు పాడై నడుమ ఏ అంకె అయినా చెడితే, పరీక్షించినప్పుడు ముద్ర కలవదు, సంగతి తెలిసిపోతుంది. అప్పుడు రెండో ప్రతి నుంచి బాగు చేసుకోవచ్చు. వేవ్ ఫైలుకు అటువంటి ముద్ర తనంత తానుగా ఉండదు. పాడినవారి పేరు, ఊరు, సంవత్సరం ఫైలు లోపలే వ్రాసుకోవటానికి కూడా ఫ్లాక్ వీలైనది. వేవ్ ఫైలు నాలుగు గిగాబైట్లు దాటకూడదన్న పాత నియమం ఒకటుంది గాని ఒక క్యాసెట్టుకు అది అడ్డు రాదు.

కొలతల మాటకు వస్తే, సెకనుకు 48,000 కొలతలు, 24 బిట్లు అని అడగండి. ప్రపంచంలోని ధ్వని భాండాగారాల సంఘం ఐ.ఎ.ఎస్.ఎ. కనీసం ఇంత ఉండాలని తన మార్గదర్శకాలలో చెప్పింది. అంతకంటె ఎక్కువ, 96,000 అయితే మేలని కూడా చెప్పింది. కాని మన ఇంటి క్యాసెట్టులోని మాటలకు, పాటలకు 48,000 సరిపోతుందని నా అభిప్రాయం. అంతకంటె సన్నని ధ్వనులు ఆ టేపు మీద అసలు లేవు. 192 వేల కొలతలు అని ఆశపెట్టి ఎక్కువ డబ్బు అడిగేవారికి నమస్కారం పెట్టి వచ్చేయండి. 24 బిట్లు మాత్రం వదులుకోకండి. టేపులో అమ్మమ్మ గొంతు ఒకచోట మెల్లగా, ఒకచోట గట్టిగా వస్తుంది. 24 బిట్లు ఉంటే ధ్వనిమట్టం తగ్గించి నిదానంగా పట్టుకుని, తరువాత పెంచుకోవచ్చు. మట్టం మరీ ఎక్కువ పెట్టి గొంతు పగిలిపోతే దాన్ని ఏ యంత్రమూ అతికించలేదు.

బరువు లెక్క చూద్దాం. 48,000, 24 బిట్లు, రెండు వరుసలు. గంట పట్టే సి-60 క్యాసెట్టుకు వేవ్ అయితే ఒక గిగాబైటు పైచిలుకు. ఫ్లాక్ అయితే రొద ఎంత ఉందో దాన్ని బట్టి సగం, లేదా సగానికి కొంచెం పైన. ఇరవై క్యాసెట్లున్న ఇంటికి కూడా పది పదిహేను గిగాబైట్లలో పని అయిపోతుంది. చోటు చాలదన్న సాకు ఇప్పుడు లేదు.

పంచుకోవటానికి అదే ఫ్లాక్ నుంచి ఎంపీత్రీ ప్రతులు చేయించండి. హైదరాబాదులో ఉన్న చిన్నమ్మకు, గల్ఫులో ఉన్న బాబాయికి ఆ ప్రతులే పంపండి.

ఫోను ముందు పెట్టి పట్టుకోవద్దు

కొందరు ఖర్చెందుకని టేపురికార్డరు ఆడిస్తూ, దాని ముందు ఫోను పెట్టి వాట్సాప్ వాయిస్ మెసేజీగా పట్టుకుంటారు. అది నిమిషంలో అందరికీ చేరుతుంది, నిజమే. కాని అందులో గదిలోని ఫ్యాను చప్పుడు, వీధిలోని ఆటో మోత కలుస్తాయి. పైగా చాలా ఫోన్లు మాట స్పష్టంగా వినిపించటం కోసం మారకుండా సాగే ధ్వనులను రొద అనుకుని తగ్గించివేస్తాయి. హార్మోనియం శ్రుతి అటువంటిదే. పాట నడుమ శ్రుతి వస్తూ పోతూ ఉంటే ఫోను చేసిన పని అదేనని తెలుసుకోండి.

అయితే ఇంకొక సంగతి ఉంది. మొన్నటి దాకా మనతో ఉన్నవారి గొంతు ఇప్పుడు క్యాసెట్టులో లేదు, వాట్సాప్ వాయిస్ మెసేజీలలోనే ఉంది. "భోంచేశావా అమ్మా" అని నాన్నగారు పంపిన పది సెకన్ల మాట చాలామందికి బంగారం. ఆ ఫైలు ఓపస్ అనే రకం. 2012లో ప్రమాణమైన ఈ పద్ధతి మాట్లాడే గొంతును చాలా తక్కువ బిట్లలో బాగా పట్టుకుంటుంది. ఇది పుట్టుకతోనే కోవా. కాబట్టి దాన్ని మెరుగుపరచాలని ఎంపీత్రీగానో మరొకటిగానో మార్చి అసలును తుడిచివేయకండి. వచ్చిన ఫైలును వచ్చినట్లే ఫోను నుంచి కంప్యూటరుకు కాపీ చేసి పెట్టండి. ఫోను పోతే, మార్చితే, చోటు చాలక ఎవరైనా తుడిచివేస్తే అది మళ్ళీ దొరకదు. ఎవరికైనా పంపాలన్నా డాక్యుమెంటుగా జతచేసి పంపితే ఉన్నది ఉన్నట్లు వెళుతుంది.

2000ల నాటి బటను ఫోన్లలో పట్టుకున్న ఎ.ఎం.ఆర్. ఫైళ్ళ విషయమూ ఇంతే. అందులో సెకనుకు 8,000 కొలతలే, టెలిఫోనులో విన్నట్లే ఉంటుంది. దానికంటె మెరుగైనది ఇక లేదు గనుక అదే అసలు. అసలును ఉంచి, వినటానికి ఒక ఎంపీత్రీ ప్రతి వేరే చేసుకోండి.

ఇప్పుడు పెద్దవారు మన మధ్య ఉండగానే వారి గొంతు పట్టుకోవాలనుకునే వారు వాట్సాప్ వాడకండి. ఫోనులోని రికార్డరు తెరిచి, అమరికలలో వేవ్ అనో, లాస్‌లెస్ అనో ఉంటే అది ఎంచుకోండి. ఐఫోను వాయిస్ మెమోస్‌లో లాస్‌లెస్ అన్న ఎంపిక ఉంది. లేకపోతే ఉన్నవాటిలో అన్నింటికంటె ఎక్కువ నాణ్యత అన్నదాన్ని ఎంచుకుని, ఫ్యాను ఆపి, ఫోనును మూరెడు దూరంలో గుడ్డ పరచిన బల్ల మీద పెట్టండి. గాయక బృందం సాధన పట్టుకునేవారికి కూడా ఇదే సలహా, దూరం మాత్రం పెంచుకోవాలి.

టేపును ముట్టే ముందు

క్యాసెట్టు పైఅంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు ఉంటాయి. మొదట వాటిని విరవండి. ఇక ఎవరు పొరపాటున రికార్డు మీట నొక్కినా అమ్మమ్మ పాట మీద మరొకటి పడదు. తరువాత టేపు లోపల తెల్లని బూజు ఉందేమో వెలుతురులో చూడండి. ఉంటే ఆడించకండి, తెలిసినవారికి చూపించండి. టేపును తలకు అదిమి ఉంచే చిన్న స్పాంజి దిండు ఊడిపోయి ఉంటే ధ్వని గుడ్డ కప్పినట్లు వస్తుంది. దాన్ని మరో క్యాసెట్టు నుంచి తీసి అతికించవచ్చు, అది గడియారాలు బాగుచేసే చేయి ఉన్నవారి పని. సి-90 క్యాసెట్లలో టేపు పలుచన, జాగ్రత్త ఎక్కువ కావాలి.

యంత్రం తలను ఐసోప్రోపైల్ ఆల్కహాలుతో తడిపిన దూదిపుల్లతో తుడవాలి. క్యాసెట్టును ఒకసారి చివరి దాకా, మళ్ళీ మొదటి దాకా చుట్టాలి. పట్టు సడలిన టేపు సమంగా సర్దుకుంటుంది. టేపురికార్డరు నుంచి కంప్యూటరుకు తీగ వేయాలి. ల్యాప్‌టాపు మైకు రంధ్రంలో గుచ్చితే చాలావాటిలో ఒకే వరుస వస్తుంది, ధ్వని పగులుతుంది. యు.ఎస్.బి. గుండా కలిపే చిన్న ధ్వని పెట్టె ఒకటి కొంటే ఆ బాధ ఉండదు. ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాము ఈ పనికి చాలు. అన్నింటికంటె గట్టిగా పాడినచోట కూడా మట్టం సున్నాకు ఆరు డెసిబెల్లు కింద ఉండేటట్లు చూసుకోండి.

గొంతు మందంగా, బురదలో నుంచి వచ్చినట్లు ఉంటే టేపు చెడిందని తొందరపడకండి. అలనాడు రికార్డు చేసిన యంత్రం తలకూ, ఇప్పటి యంత్రం తలకూ వాలు కలవకపోవటం వల్ల అలా వస్తుంది. తల పక్కన ఉన్న చిన్న మరను కొంచెం కొంచెం తిప్పుతూ వింటే ఒకచోట గొంతు తేటపడుతుంది. ఈ ఒక్క మర తిప్పటం చేసే మేలు ఏ ఖరీదైన ఫైలూ చేయదు. దుకాణంలో ఇచ్చేవారు ఈ సంగతి అడగండి. "అదేమిటి?" అని వారు ఎదురు అడిగితే మరో దుకాణం చూడండి.

రొద తీసివేస్తామంటే ఇప్పుడే వద్దనండి. రొద ఉన్న ప్రతినే అసలుగా దాచండి. రొద తీసే పద్ధతులు ఏటేటా మెరుగుపడుతున్నాయి. ఈనాడు తీస్తే గొంతు కూడా కొంత పోతుంది. పది సంవత్సరాల తరువాత మీ మనవడు ఇంతకంటె బాగా తీయగలడు, అతనికి అసలు మిగిల్చి ఉంటే.

దాచిన తరువాత

పెన్‌డ్రైవు మోసుకుపోవటానికే గాని దాచటానికి కాదు. రెండు వేర్వేరు చోట్ల, రెండు వేర్వేరు రకాల సాధనాల మీద మొత్తం మూడు ప్రతులు ఉంచటం మంచి అలవాటు. ఒకటి ఇంట్లో కంప్యూటరు మీద, ఒకటి విడిగా ఉండే హార్డ్ డిస్కు మీద, మూడవది వేరే ఊరిలోని అన్నదమ్ముల ఇంట్లోనో, ఇంటర్నెట్టులోని నిల్వస్థలంలోనో. 2000లలో ఇంట్లో కాల్చుకున్న సీడీలు ఉంటే వాటి సంగతి క్యాసెట్ల కంటె తొందర. కొన్ని ఇప్పటికే చదవటం మానివేశాయి.

ఫైలుకు "ట్రాక్ 01" అని పేరు ఉంచకండి. సంవత్సరం, ఊరు, పాడినవారు, ఏ సందర్భం అన్నవి పేరులోనే ఉండాలి. దానికి ముందు ఆ ఎనభై ఏళ్ళ పెద్దమనిషిని పక్కన కూర్చోబెట్టుకుని వినిపించండి. "ఈ గొంతు ఎవరిది పెదనాన్నా? ఇది ఏ ఏడు?" అని అడిగి కాగితం మీద వ్రాసుకోండి. ఫైలు ఏ రకమైనా ఈ సంగతి దానంతట అది చెప్పలేదు. ఆయన చెబుతున్నప్పుడు మీ ఫోను రికార్డరు కూడా నడుస్తూ ఉంటే మరీ మంచిది.

దుకాణంలో చేయించేవారికి ఒక మాట. డబ్బు ఇచ్చే ముందు ఫైలును అక్కడే, వారి కంప్యూటరులో కాక మీ ఫోనులో తెరిచి మొదట కొంత, నడుమ కొంత, చివర కొంత వినండి. రెండు వైపులూ వచ్చాయా చూడండి. ఎంపీత్రీ ఒక్కటే ఇస్తే ఫ్లాక్ కూడా అడిగి తీసుకోండి. మీ క్యాసెట్టును మాత్రం వెంట తెచ్చుకోండి. పెట్టెలో పెట్టి, నిలువుగా, ఎండ తగలని పొడిచోట, స్పీకర్లకు దూరంగా ఉంచండి.